నేరోబోట్‌లో బొగ్గు పొయ్యి, పొగగొట్టం బిగించుకోవడం

ఇంగ్లండ్ కాలువల మీద నేరోబోట్‌లో కాపురం పెట్టాలనుకుంటే చలి ముదరకముందే లోపల వెచ్చదనం కోసం పొయ్యి సంగతి తేల్చుకోండి. ఏడడుగుల వెడల్పు కూడా ఉండని ఇనుప పడవ కాబట్టి మోర్సో స్క్విరల్ లాంటి చిన్న పోత ఇనుప పొయ్యి చాలు. అసలు ఆలోచించాల్సింది దాని వెనక గోడ గురించి, పైన గొట్టం గురించి.

ముందు గోడ. ప్లైవుడ్ మీద టైల్స్ అంటించేసి పనైపోయిందనుకునేవాళ్ళు చాలామంది. టైల్ వేడిని ఆపదు, మెల్లగా వెనక చెక్కకి చేరవేస్తుంది. కాలని బోర్డు పెట్టి, దాని వెనక గాలి ఆడేలా ఖాళీ వదలండి. ఎటువైపు ఎంత దూరమన్నది పొయ్యి మాన్యువల్లో ఉంటుంది, పడవల్లో ఇలాంటి పొయ్యిల కోసమే రాసిన బీఎస్ 8511 అనే బ్రిటిష్ ప్రమాణం కూడా ఉంది. కింద రాయో టైలో పరిచి పొయ్యిని బోల్టులతో నేలకి బిగించాలి, లాక్‌లో, అంటే నీటిమట్టం మార్చి పడవని ఎక్కించే దించే గేట్ల తొట్టిలో, పడవ గోడకి గుద్దుకుంటే పొయ్యి కదలకూడదు కదా.

కప్పుకి రంధ్రం కోసేముందు లోపలి చెక్క విప్పి చూడండి. చాలా పడవల్లో దాని వెనక చలి ఆపడానికి కొట్టిన స్ప్రే ఫోమ్ ఉంటుంది, గ్రైండర్ నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. గొట్టం చుట్టూ ఫోమ్ అంతా చెక్కేసి, కోత పూర్తయ్యాక ఆ జాగాలో రాక్‌వూల్ (కాలని రాతి పీచు) కూరండి. కప్పు వంపుగా ఉంటుంది కాబట్టి గొట్టం కప్పులోంచి బయటికి వచ్చేచోట బిగించే కాలర్ ఆ వంపుకి సరిపడేదే కొనాలి, లేకపోతే ఎంత సీలెంట్ పూసినా వానకి కారుతుంది.

ఇప్పుడు గొట్టం. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: పొగ పైకి పోతుంది, తారు కిందికి దిగుతుంది. అందుకే పై ముక్క ఎప్పుడూ కింది ముక్క లోపలికి దిగాలి. తిరగేసి పెడితే ప్రతి అతుకు దగ్గరా నల్లటి జిగురు బయటికి కారి, వేడి గొట్టం మీదే మాడి కంపు కొడుతుంది. పొయ్యి దగ్గర ఫైర్ రోప్ (వేడికి కాలని తాడు) చుట్టి ఫైర్ సిమెంట్ పెట్టండి. పైన కాలర్ దగ్గర మాత్రం రోప్, వేడి తట్టుకునే సిలికాన్ వాడండి, గొట్టం వేడికి సాగుతుంది, అక్కడ సిమెంట్ పెడితే పగిలిపోతుంది. బయటి చిమ్నీ రెండు పొరలది తీసుకోండి. దాని లోపలి గొట్టం కిందిదాన్లోకి దిగుతుంది కాబట్టి కప్పు మీద గోధుమరంగు చారలు పడవు. వంతెనలు తక్కువ ఎత్తు, చిమ్నీ ఊడతీసేలా ఉండాలి, గొలుసుతో కట్టేయాలి కూడా, లేకపోతే ఏదో ఒక రోజు కాలువ పాలే.

సిమెంట్ ఆరాక పొగ బిళ్ళ వెలిగించి ప్రతి అతుకూ చూడండి. మొదట్లో మంటలు చిన్నవే వేయండి, పెయింట్ కాలి పొగ వస్తుంది, కిటికీలు తెరిచే ఉంచండి.

పొయ్యి నుంచి వచ్చే వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారం 2019 ఏప్రిల్ 1 నుంచి బోట్ సేఫ్టీ స్కీమ్ (అక్కడి పడవల భద్రతా పథకం) తనిఖీలో తప్పనిసరి. ప్యాకెట్ మీద ఈఎన్ 50291-2 అని ఉందో లేదో చూసి కొనండి, పడవలకి పనికొచ్చే రకం అదే. చలేస్తోందని గాలి కంతల్లో గుడ్డలు మాత్రం కుక్కకండి. చెక్క తిరిగి మూసేముందు గోడ వెనక ఖాళీ, రాక్‌వూల్ కనబడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి, పడవ అమ్మేటప్పుడు సర్వేయర్ అడిగితే మళ్ళీ విప్పే పని తప్పుతుంది.