కొత్త గిటార్ యాంప్ గుయ్‌మంటుంటే ఏం చేయాలి?

గిటారు శబ్దాన్ని పెంచే కొత్త యాంప్లిఫయర్ కొన్నారు. పెట్టె విప్పి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేశారు. గిటారు ఇంకా తగిలించనే లేదు, లోపల తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా అది మాత్రం తగ్గదు. వేలకు వేలు పోసి కొన్న వస్తువు మొదటి రోజే ఇలా చేస్తే ఒళ్లు మండటం సహజమే. అయినా అప్పుడే స్క్రూడ్రైవర్ జోలికి పోవద్దు. ఈ రొద తరచూ లోపల వోల్టేజిని మార్చే ట్రాన్స్‌ఫార్మర్‌ది, కానీ చాలాసార్లు తప్పు దానిది కాదు. దానికి అందుతున్న కరెంటుదో, దాన్ని బిగించిన తీరుదో అయి ఉంటుంది.

మొదటి పని: శబ్దం ఎక్కడిదో తేల్చుకోండి

ట్రాన్స్‌ఫార్మర్‌లో పలచని ఇనుప రేకులు దొంతరగా పేర్చి ఉంటాయి. అయస్కాంత క్షేత్రం పెరిగి తగ్గినప్పుడల్లా ఆ ఇనుము కంటికి కనపడనంతగా సాగి, మళ్లీ ముడుచుకుంటుంది. మన కరెంటుకు సెకనుకు 50 ఆవర్తనాలు. ఒక్కో ఆవర్తనంలో ఇది రెండుసార్లు జరుగుతుంది కాబట్టి చెవికి వినిపించేది 100 హెర్ట్జ్ శబ్దం. గిటారు పక్కనే ఉందిగా, అన్నిటికన్నా లావు తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటి చూడండి. అక్కడ పలికే జీ స్వరం 98 హెర్ట్జ్. రొద దాని పక్కనే పలుకుతుంది. అమెరికాలోనైతే కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి ఈ గుయ్‌మనడం 120 దగ్గర, బీ ఫ్లాట్‌కూ బీకీ మధ్య ఎటూ కాకుండా పడుతుంది.

స్వరం కలిసింది కదా అని ట్రాన్స్‌ఫార్మర్‌దే తప్పు అనుకోకూడదు. పవర్ సప్లైలో లోపం ఉంటే స్పీకర్ కూడా ఇదే 100 హెర్ట్జ్ పలుకుతుంది. చిన్న యాంపులకు సాధారణంగా హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటుంది. హెడ్‌ఫోన్ పెడితే స్పీకర్ మూగబోతుంది. అప్పుడు కూడా పెట్టె గుయ్‌మంటే అది ఇనుము పాటే. ట్యూబు యాంపుకు, అంటే గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేదానికి, స్టాండ్‌బై స్విచ్చి ఉంటే అందులో ఉంచి ఇలాగే వినండి. స్పీకర్ తీగ పీకి చూద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. స్పీకర్ లేకుండా ట్యూబు యాంపును నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

రొద స్పీకర్ నుంచే వస్తోందని తేలితే అది వేరే వైద్యం: గిటారు తీగ, ఎర్తింగ్, పక్కనున్న ఫోన్ చార్జర్ చూసుకోవాలి. రొద పోతుందని ఎవరో చెప్పారని త్రీ పిన్ ప్లగ్గులోని లావు పిన్నుకు ఎర్తు తెంచేయడం ప్రాణాలతో చెలగాటం. గిటారు తీగలు లోహం, వాటి మీద ఉన్నది మీ వేళ్లు.

మొద్దుగా గర్జిస్తున్నట్టు శబ్దం, కాలిన వాసన, నిమిషాల్లోనే చేయి పెట్టలేనంత వేడి, మాటిమాటికీ ఫ్యూజు పోవడం — వీటిలో ఏది కనిపించినా వెంటనే ప్లగ్గు తీసేయండి. లోపల డయోడో (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) ట్యూబో షార్ట్ అయి ట్రాన్స్‌ఫార్మర్ మోయలేని బరువు మోస్తోందన్నమాట. ఇక కింది ప్రయోగాలేవీ వద్దు, యాంపును తిరిగి ఇచ్చేయడమే. స్విచ్చి వేసిన క్షణంలో ఒక్కసారి ‘థమ్’ అని ఆగిపోతే మాత్రం భయం లేదు. గారె ఆకారంలో చుట్టిన టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్లకు అది మామూలే.

రెండో పని: కరెంటును అనుమానించండి

నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడే ఉంది. యాంపు వెనక రేటింగ్ చదవండి. 220 వోల్టులకని చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కు మీ గోడలో 250 వస్తుంటే ఇనుము మీద భారం 13 శాతానికి పైగా పెరుగుతుంది. ఇనుము ఒక హద్దు వరకే అయస్కాంతత్వాన్ని మోయగలదు. ఆ హద్దు దగ్గరపడేకొద్దీ మెత్తని గుయ్‌మనడం కాస్తా బరబరమనే రొదగా మారుతుంది. మన ప్రమాణం 230 వోల్టులే అయినా, అర్ధరాత్రి ఊరంతా లైట్లు ఆర్పాక అది పైకి పాకడం తెలిసిందే. పగలు నిశ్శబ్దంగా ఉన్న యాంపు రాత్రి మూలిగితే ముందు అనుమానించాల్సింది దీన్నే. మల్టీమీటర్‌ను ఏసీ 600 లేదా 750 వోల్టుల స్థాయిలో పెట్టి పగలొకసారి, రాత్రొకసారి కొలిచి రాసుకోండి. మీటరు వాడటం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. యాంపు వెనక వోల్టేజి సెలెక్టర్ ఉంటే, ప్లగ్గు తీసి, దాన్ని మీ సరఫరాకు దగ్గరి అంకె మీదికి మార్చండి. లేకపోతే స్టెబిలైజర్‌తో ప్రయత్నించండి.

తర్వాతి అనుమానం ఇన్వర్టర్. చవక రకాలు ఇచ్చే చతురస్రపు తరంగానికి సీలింగ్ ఫ్యాను ఎలా మూలుగుతుందో మీకు తెలుసు. యాంపు ట్రాన్స్‌ఫార్మర్‌దీ అదే బాధ. రొద కరెంటు పోయినప్పుడే వస్తుంటే యాంపులో లోపం లేదు. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ గొడవ ఉండదు.

ఇంకొకటి చాలామందికి తట్టదు. జుట్టు ఆరబెట్టే డ్రైయర్లలో కొన్ని, సగం వేడి మీద పెట్టినప్పుడు, ఒక డయోడు ద్వారా తరంగంలో సగాన్నే వాడుకుంటాయి. దానివల్ల ఇంటి లైనులోకి కాస్త డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, చొరబడుతుంది. టొరాయిడ్లకు ఇది బొత్తిగా పడదు, ఉన్నట్టుండి మొరుగుతాయి. రొద వచ్చిపోతూ ఉంటే, అదే సమయంలో ఇంట్లో ఏవి నడుస్తున్నాయో గమనించండి. ఒక్కొక్కటే ఆపి చూడండి. కారణం పక్కింట్లో ఉంటే డీసీ బ్లాకర్ అనే పరికరం లైనుకూ యాంపుకూ మధ్య పెట్టుకోవచ్చు. పక్కింటివాళ్లతో తగువు కన్నా అదే చవక.

యాంపు అమెరికా నుంచి బంధువుల సామానులో వచ్చిందా? అయితే దాని మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉందో, 50/60 అని ఉందో చూడండి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని తగ్గిస్తుందే కానీ 50ని 60 చేయలేదు. కేవలం 60కి చేసిన ఇనుము మీద మన కరెంటు 20 శాతం అదనపు భారం వేస్తుంది. అది గుయ్‌మనడమే కాదు, వేడెక్కుతుంది కూడా. ప్రయాణాల్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కన్వర్టర్లు హీటర్ల కోసం తరంగాన్ని ముక్కలు చేసేవి. వాటిని యాంపు దగ్గరికే రానివ్వకండి.

మూడో పని: పెట్టె, నేల, బోల్టులు

ఇనుము చేసే చిన్న రొదను చెక్కపెట్టె వీణ కుండలా పెంచి వినిపిస్తుంది. యాంపును నేల మీద నుంచి చేతులతో ఎత్తి పట్టుకుని వినండి. తగ్గితే, నాలుగు మడతలు వేసిన బొంత మీద పెట్టండి, పని అయిపోయినట్టే. వెనక పలక, హ్యాండిల్, స్పీకర్ మరలు ఒక్కొక్కటీ అరచేత్తో నొక్కి చూడండి. నొక్కినచోట రొద ఆగితే, ప్లగ్గు తీసి ఆ మర బిగించండి.

యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉండే కాంబో యాంపుల వెనకవైపు ట్రాన్స్‌ఫార్మర్, దాని నాలుగు మూలల బోల్టులు బయటికే కనిపించవచ్చు. రవాణాలో ఇవి వదులవుతాయి. ప్లగ్గు తీసి, ఎదురెదురు మూలల్ని కొద్దికొద్దిగా బిగించండి, బలమంతా చూపించనక్కరలేదు. కింద రబ్బరు వాషర్లు వేస్తే కంపనం ఛాసిస్‌కు, అంటే లోపలి లోహపు చట్రానికి, తక్కువగా పాకుతుంది. వేశాక ట్రాన్స్‌ఫార్మర్ ఇనుముకూ ప్లగ్గులోని ఎర్తు పిన్నుకూ మధ్య కనెక్షన్ ఉందని మీటరుతో తప్పక చూడాలి. టొరాయిడ్‌కు నడిమధ్యన ఒకే బోల్టు ఉంటుంది. దాని కింది కొస ఛాసిస్‌కు బిగిసి ఉండగా పై కొస కూడా లోహపు మూతకు తగిలితే అది ఒక షార్టయిన చుట్టుగా మారి, విపరీతమైన కరెంటు లాగుతుంది. అందుకే దాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

ఛాసిస్ తెరవాల్సిన పని పడితే మానుకోండి. ట్యూబు యాంపు కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా ఉండవచ్చు, ప్లగ్గు తీశాక కూడా అవి ఆ చార్జిని పట్టుకునే ఉంటాయి. పైగా సీలు విప్పితే వారంటీ పోవచ్చు. మోటారు వైండింగ్ దుకాణంలో వార్నిష్‌లో ముంచి కాల్చితే వదులు రేకులు గట్టిపడతాయన్నది నిజమే. కానీ అది వారంటీ దాటిన పాత యాంపుకు చేయించే పని.

నాలుగో పని: మార్పించుకోండి

ఒక మీటరు దూరంలో కూర్చుంటే వినిపించని రొదను వదిలేయండి. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్రతి యాంపూ ఆమాత్రం గొణుగుతుంది. గది అవతలికీ వినిపిస్తుంటే, వాడగా వాడగా సర్దుకుంటుందన్న మాట నమ్మి గడువు దాటనివ్వకండి. వీడియో తీయండి. ఫోనును ఒకేచోట ఉంచి, స్విచ్చి వేసి కొంతసేపు, ఆపి కొంతసేపు. అందులో వోల్టేజి చూపించే మీటరూ కనిపించాలి. 230 దగ్గర అంకె కనిపిస్తుంటే ‘మీ ఇంట్లో కరెంటు బాగాలేదు’ అనే జవాబుకు చోటుండదు. అప్పటికీ దుకాణం పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

బదులుగా వచ్చిన యాంపును దుకాణం హడావుడిలో విని సంతృప్తి పడకండి. ఏసీ చప్పుడు కింద ఏ రొదా వినపడదు. ఇంటికి తెచ్చి అదే సాకెట్‌లో, అదే రాత్రివేళ వినండి. ఇది కూడా అచ్చంగా అలాగే గుయ్‌మంటే దుకాణాన్ని వదిలేసి, మళ్లీ మీటరు తీసుకుని గోడ దగ్గరికి వెళ్లండి.