జల్లెడ వెనక గుడ్లగూబ

మొదటిసారి జూకి కెమెరా పట్టుకెళ్లి, తీగల కంచెల వెనకున్న జంతువులవీ పక్షులవీ 140 ఫొటోలు తీసుకొచ్చాను. ఇంటికొచ్చి అక్కకి చూపిస్తే రెండు మూడు తిప్పి చూసి, "జల్లెడ భలే వచ్చిందిరా, వెనకాల ఏదో పిట్ట అడ్డొచ్చినట్టుంది" అంది. కాదనడానికి లేదు. తీగ మీది తుప్పు మరకలు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. గుడ్లగూబ మాత్రం గోధుమరంగు ముద్దలా ఉంది.

పెద్ద లెన్స్ కొనాలేమో అనుకున్నాను. మార్చాల్సింది నేను నిలబడే చోటని తెలియడానికి ఇంకో నాలుగు ఆదివారాలు పట్టింది.

కంచె ఎంత మాయమవుతుందనేది ముఖ్యంగా రెండు దూరాల మీద ఉంటుంది. లెన్స్ కంచెకి దగ్గరగా ఉండాలి, జంతువు కంచెకి దూరంగా ఉండాలి. మొదటిది మన చేతిలో ఉంది, రెండోదానికి ఓపిక పట్టాలి. కంచెకి రెండడుగుల్లో కూర్చున్న పక్షి మీద ఫిల్మ్ రోజుల్లో రీలు, ఇప్పుడు బ్యాటరీ దండగ. అది లేచి వెనక కొమ్మ మీదికి వెళ్లేదాకా ఆగాలి, లేదంటే పక్క ఎన్‌క్లోజర్‌కి వెళ్లి మళ్లీ రావాలి.

తీగ ఎలా మాయమవుతుందో ఒకసారి అర్థమైతే సెట్టింగులు బట్టీ పట్టక్కర్లేదు. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని (దాని మీద ఎంఎంలలో రాసి ఉండే సంఖ్య) కెమెరాలో మనం పెట్టే ఎఫ్ నంబరుతో భాగిస్తే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, అంటే అపర్చర్, వెడల్పు వస్తుంది. 200 ఎంఎం దగ్గర ఎఫ్/2.8 అంటే సుమారు 71 మిల్లీమీటర్లు. దాని ముందు 3 మిల్లీమీటర్ల తీగ అడ్డంగా ఉంటే, అది ఆపేది నూటికి అయిదారు వంతుల వెలుతురే. మిగతాదంతా తీగకి అటూ ఇటూ నుంచి లోపలికి వచ్చేస్తుంది. తీగ ఆకారం కరిగిపోయి, ఫొటో మీద పల్చటి పొరలా మిగులుతుంది. అదే లెన్స్‌ని ఎఫ్/11కి మూస్తే రంధ్రం 18 మిల్లీమీటర్లే. తీగ అందులో ఆరో వంతు వెడల్పు కాబట్టి నల్లటి పట్టీలు కనిపిస్తాయి. నా మొదటి 140 ఫొటోల్లో చాలావరకు ఎఫ్/11వే. "అంతా షార్ప్‌గా రావాలి" అని ఎక్కడో విని అలా పెట్టాను.

నా దగ్గరున్నది మామూలు 70-300 జూమ్. 300 దగ్గర ఎఫ్/5.6, అంటే దాదాపు 54 మిల్లీమీటర్లు. చాలు. అపర్చర్ ప్రయారిటీలో (ఎఫ్ నంబరు మనం పెడితే షటర్ సంగతి కెమెరా చూసుకునే పద్ధతి) పెట్టి, జూమ్ చివరిదాకా లాగి, ఎఫ్ నంబరు ఎంత తగ్గితే అంత తగ్గించి వదిలేస్తాను. కంచె ముందు రెయిలింగ్ ఉండి మీటరు దూరంలో ఆగిపోవాల్సి వచ్చినా పర్వాలేదు. పక్షి మరో అయిదారు మీటర్లు లోపలుంటే తీగలు కరిగిపోతాయి. రెయిలింగ్ మీద నుంచి వంగి చెయ్యి చాపకండి. లోపలున్న ముక్కుకి మీ వేలుకీ ఎలక తోకకీ తేడా తెలియదు.

ఇదంతా సరిగ్గా చేసినా ఒక్కోసారి ఫొటో పాలు కలిపిన నీళ్లలా వస్తుంది. తీగ మీద ఎండ పడుతోందన్నమాట. మెరిసే తీగ ఎంత మసకబారినా తన తెలుపంతా ఫొటో మీద పరుస్తుంది. కొత్త జింక్ పూత తీగతో ఈ బాధ మరీ ఎక్కువ, నల్ల రంగు వేసిన తీగతో తక్కువ. కంచె మొత్తానికి నీడ అక్కర్లేదు, లెన్స్‌కి ఎదురుగా అరచేయంత మేర పడితే చాలు. తోడొచ్చినవాళ్లని టోపీ పట్టుకోమంటాను. ఎవరూ లేకపోతే నల్ల గొడుగు. కానీ దాన్ని దూరంగా ఉన్నప్పుడే విప్పుకుని, తర్వాత మెల్లగా నడిచి వెళ్లాలి. ఒకసారి ఎన్‌క్లోజర్ ముందే టప్‌మని విప్పాను. గుడ్లగూబ ఒళ్లంతా సన్నగా బిగించుకుని, చెట్టు బోదెకి అతుక్కుని, మళ్లీ అరగంట కదల్లేదు.

ఎండ పక్షి మీద పడేటప్పుడు ఇంకో చిక్కు. కంచె నీడ దాని ముఖం మీద గళ్లు గళ్లుగా పడుతుంది. దాన్ని ఏ అపర్చరూ చెరపలేదు. మబ్బు పట్టిన రోజు జూకి వెళ్లడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఫోకస్ విషయంలో కెమెరాని నమ్మకండి. ఎదురుగా స్పష్టంగా ఉన్న గీతని పట్టుకోవడం దానికి ఇష్టం, అంటే తీగనే పట్టుకుంటుంది. ఒకే పాయింటు పెట్టుకుని, దాన్ని గడి మధ్యలోంచి పక్షి కంటి మీద పెట్టాలి. లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంటే దగ్గరి దూరాలని ఆపేయండి, కెమెరా తీగ జోలికి వెళ్లదు. అదీ లేకపోతే మాన్యువల్. గుడ్లగూబ కదలకుండా కూర్చునే జీవి కాబట్టి చేత్తో తిప్పుకోవడానికి కావలసినంత టైముంటుంది.

గుడ్లగూబల దగ్గర నేను ఎక్కువసేపు గడుపుతాను. వాటి కళ్లు గుంటల్లో బిగుసుకుపోయి ఉంటాయి, మనలా అటూ ఇటూ తిప్పలేవు. అందుకే తల తిప్పుతాయి, 270 డిగ్రీల దాకా. మన మెడలో 7 ఎముకలుంటే వాటి మెడలో 14. కాబట్టి వీపు చూపిస్తూ కూర్చుందని వెళ్లిపోకండి. వీపు మన వైపు, ముఖం కూడా మన వైపు ఉండే ఆ క్షణం కోసమే నేను నిలబడతాను. దేన్నయినా గట్టిగా చూడాలనుకుంటే ముందు తలని పైకీ కిందికీ పక్కలకీ ఊపుతుంది, దూరం అంచనా వేసుకోవడానికి. ఊపుతున్నప్పుడు నొక్కితే మసకే. ఊపడం ఆపి ఒక్క క్షణం బిగుసుకుపోతుంది, అప్పుడు నొక్కాలి. షటర్ 1/250 సెకను ఉంటే చాలు, వెలుతురు తక్కువైతే ఐఎస్‌వో (కెమెరా వెలుతురుకి ఎంత స్పందించాలో చెప్పే సంఖ్య) 3200కి పెంచడానికి మొహమాటపడను. ఒక్కటి కాకుండా నాలుగైదు వరసగా తీయండి. కంటిని తుడిచే మూడో రెప్ప అడ్డంగా జారినప్పుడు కన్ను పాలరంగులోకి మారిపోతుంది, ఎన్ని మంచి ఫొటోలు అలా పోయాయో.

బార్న్ ఔల్ లాంటి నల్ల కళ్ల గుడ్లగూబలకి కంట్లో వెలుగు చుక్క లేకపోతే ముఖంలో రెండు గుంటలున్నట్టే వస్తుంది. మీ వెనక ఆకాశం తెరిచి ఉండే వైపు నిలబడితే ఆ చుక్క దానంతటదే పడుతుంది. దానికోసం ఫ్లాష్ మాత్రం వేయకండి. ముందుగా తీగకి తగిలి తెల్లగా తిరిగొస్తుంది, పైగా చీకటికి అలవాటుపడ్డ కళ్లవి.

ముందు కంచెని జయించాక వెనక కంచె బయటపడుతుంది. వెనక గోడకి ఆనుకున్న కొమ్మ మీద పక్షి కూర్చుంటే దాని తల చుట్టూ డైమండ్ గళ్లు వస్తాయి. అక్కడ ఒక అడుగు పక్కకి జరిగో, గొంతుక్కూర్చునో, తల వెనకకి చెట్టు బోదె గానీ ఆకులు గానీ వచ్చేలా చూసుకుంటాను. పులి, తోడేలు లాంటివి ఒకే దారిలో తిరుగుతుంటాయి. నాలుగు చుట్లు ఊరికే చూసి, అవి మలుపు తిరిగే చోట ముందే ఫోకస్ పెట్టుకుంటే పని అయిపోతుంది.

కంచె బదులు అద్దమైతే, లెన్స్ ముందు తొడిగే రబ్బరు హుడ్‌ని అద్దానికి ఆనించి, ఎదురుగా తీయండి. ఏటవాలుగా తీస్తే మందపాటి అద్దం బొమ్మని సాగదీస్తుంది. నల్ల చొక్కా వేసుకుంటే ప్రతిబింబం తగ్గుతుంది. పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టరు) ఎదురుగా పెద్దగా పనిచేయదు, అద్దం బదులు ప్లాస్టిక్ పలక ఉంటే ఇంద్రధనుస్సు చారలు కూడా తెస్తుంది.

కెమెరా లేదని బాధపడకండి. ఫోన్ లెన్స్ చిన్నది, గడిలో సరిగ్గా ఇమిడిపోతుంది. కంచె దాకా వెళ్లనిచ్చే చోట, మేకలూ నెమళ్లూ ఉండే వైపు, లెన్స్‌ని గడి మధ్యకి ఆనిస్తే తీగ అసలు ఫ్రేములోకే రాదు. ఫోన్‌ని మాత్రం లోపలికి దూర్చకండి. మేకలు దేన్నయినా రుచి చూస్తాయి.

ఇంటికొచ్చాక కాంట్రాస్ట్ కొంచెం పెంచి, నలుపుని కొంచెం దించితే ఆ పల్చటి పొర పోతుంది. ఎడిటింగ్‌లో మసక తగ్గించే డీహేజ్ 10-15 చాలు, ఇంకా లాగితే ఈకలు గరుకుగా కనిపిస్తాయి.

ఫొటో కింద "జూలో తీసినది" అని రాస్తాను. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వైల్డ్‌లైఫ్ పోటీలో 2009లో మొదటి బహుమతి పొందిన, గేటు మీదుగా దూకే తోడేలు ఫొటో ఉంది. అది శిక్షణ ఇచ్చిన తోడేలై ఉంటుందని న్యాయనిర్ణేతలు తేల్చడంతో 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. తీసినాయన కాదన్నాడు. నాకొచ్చే బహుమతులేమీ లేవు గానీ, ఎవరైనా "ఏ అడవిలో?" అని అడిగితే నీళ్లు నమలక్కర్లేదు.