ఓపెన్ యాక్సెస్ చార్టు ఎక్కడ దెబ్బ తింటుంది: లక్షణం, కారణం, పరిష్కారం

పరిశోధన పత్రాలు అందరూ ఉచితంగా చదువుకునేలా ఉండాలని (ఓపెన్ యాక్సెస్ అంటే ఇదే) ఒప్పించడానికి అకడమిక్ కౌన్సిల్‌కో, కాలేజీ స్టాఫ్ మీటింగ్‌కో చార్టు పట్టుకెళ్తాం. అక్కడ "బాగుంది" అని పక్కన పెట్టేస్తారు, లేదంటే "ఈ లెక్క యాడికెళ్లి తెచ్చిన్రు?" అని ఒక్క ప్రశ్నతో పడగొడతారు. నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ, వాటి అనుబంధ కాలేజీల్లో ఈ పని చేసే లైబ్రేరియన్లకు, లెక్చరర్లకు, రీసెర్చ్ స్కాలర్లకు ఎదురయ్యే చిక్కులు ఇక్కడ వరుసగా ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం గీత గీయకముందే, లెక్క దగ్గరే పుడతాయి. హాల్లో కూర్చున్న ఎవరైనా తమ ఫోన్‌లో సరిచూసుకోగలిగే లెక్కే నిలబడుతుంది.

లక్షణం: అందరూ తల ఊపుతారు, నిర్ణయం మాత్రం రాదు

కారణం: చార్టు ప్రపంచం గురించి చెబుతుంది. "ఓపెన్ యాక్సెస్ ఏటా పెరుగుతోంది" అనే గీత చూసి రిజిస్ట్రార్ గారు చేయగలిగింది ఏమీ లేదు.

పరిష్కారం: కంప్యూటర్ తెరవకముందే ఒక వాక్యం రాసుకోండి. ఎవరు, ఏం చేయాలి? ఉదాహరణకు: "జర్నల్ ఆమోదించిన చివరి ప్రతిని యూనివర్సిటీ రిపాజిటరీలో (పేపర్లు దాచే ఆన్‌లైన్ భండారంలో) పెట్టాలని రిజిస్ట్రార్ గారు సర్క్యులర్ ఇవ్వాలి." తర్వాత ఆ వాక్యానికి బలమిచ్చే స్థానిక ప్రశ్న ఎంచుకోండి. నల్గొండకైతే ఫ్లోరైడ్‌ను మించింది లేదు. మన బోరునీళ్ల మీద, మన పిల్లల పళ్ల మీద, ఎముకల మీద దశాబ్దాలుగా పేపర్లు వస్తున్నాయి. వాటిలో ఎన్ని మర్రిగూడలో ఉన్న సైన్స్ టీచర్ ఫోన్‌లో తెరుచుకుంటాయి? పాలమూరులో అయితే వలస కూలీల మీద, నల్లమల చెంచుల మీద, గద్వాల చేనేత మీద ఇదే ప్రశ్న అడగొచ్చు.

లక్షణం: ఫ్లోరైడ్ పేపర్ల సంఖ్య నమ్మలేనంత పెద్దగా వచ్చింది

కారణం: "నల్గొండ టెక్నిక్". నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన ఈ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలోని ఫ్లోరైడ్ తగ్గిస్తారు. ఇథియోపియా, టాంజానియా నీళ్ల మీద రాసిన పేపర్లలోనూ ఈ పేరు వస్తుంది. పరిశోధన పత్రాల ఉచిత డేటాబేస్ ఓపెన్‌అలెక్స్‌లో నల్గొండ, ఫ్లోరైడ్ అని వెతికితే అవన్నీ మన జిల్లా ఖాతాలో పడతాయి. ఊరి పేర్లతోనూ ఇదే తంటా. నాంపల్లి అని వెతికితే హైదరాబాద్ నాంపల్లి కూడా వచ్చేస్తుంది.

పరిష్కారం: ఫలితాలను సీఎస్‌వీగా (పట్టికలా తెరుచుకునే ఫైల్‌గా) దింపుకొని "మన ప్రాంతమా" అనే కొత్త కాలమ్ పెట్టండి. ప్రతి పేపర్ సారాంశం చదివి అవును, కాదు, తేలలేదు అని చేత్తో నింపండి. దీనికి అడ్డదారి లేదు. "తేలలేదు" అన్నవి లెక్కలో కలపకుండా, అవి ఎన్నో చార్టు కింద రాయండి. అలాగే ఎక్సెల్‌లో ఫైల్‌ను డబుల్ క్లిక్‌తో తెరవొద్దు. తెలుగు అక్షరాలు చెదురుతాయి, హైఫన్ లేని ఐఎస్‌ఎస్‌ఎన్‌లో (జర్నల్ గుర్తింపు సంఖ్యలో) ముందున్న సున్నా ఎగిరిపోతుంది. డేటా మెనూలో "ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ" నొక్కి, 65001 యూనికోడ్ ఎంచుకొని, ఐఎస్‌ఎస్‌ఎన్ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి లోడ్ చేయండి.

లక్షణం: మన యూనివర్సిటీ లెక్కలో వేరేవాళ్ల పేపర్లు, మనవి కనబడవు

కారణం: మహాత్మాగాంధీ యూనివర్సిటీ పేరుతో కేరళలోని కొట్టాయంలో 1983 నుంచీ ఒకటుంది. మనది 2007లో వచ్చింది. పేరుతో వెతికితే రెండూ కలుస్తాయి. మరోవైపు పాత పేపర్లు జారిపోతాయి, ఎందుకంటే నల్గొండ, మహబూబ్‌నగర్ పీజీ సెంటర్లు అంతకుముందు ఉస్మానియా కింద ఉండేవి.

పరిష్కారం: పేరుతో కాకుండా, ఒక్కో సంస్థకు విడిగా ఉండే ఆర్‌ఓఆర్ గుర్తింపు సంఖ్యతో వడకట్టండి. ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ వారీగా లెక్చరర్ల జాబితా తీసుకొని, ఒక్కో పేరుకు వచ్చిన పేపర్లను సరిచూడండి. కాలపరిమితిని నల్గొండకు 2007 నుంచి, 2008లో ఏర్పడ్డ పాలమూరుకు ఆ ఏటి నుంచి పెట్టుకుంటే ఉస్మానియా గొడవే ఉండదు.

లక్షణం: "మాకు అన్నీ తెరుచుకుంటున్నాయి కదా" అంటారు

కారణం: క్యాంపస్ వైఫైలో పరీక్షించడం. యూనివర్సిటీ నెట్‌వర్క్ మీద చందా జర్నల్ కూడా తాళం లేనట్టే తెరుచుకుంటుంది.

పరిష్కారం: వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీలో పేపర్ డీఓఐ లింకు (దాని శాశ్వత చిరునామా) నొక్కండి. పేపర్ మొత్తం వస్తేనే "తెరుచుకుంది". సారాంశం మాత్రమే వస్తే "తాళం". ప్రచురణకర్త పేజీలో తాళం ఉన్నా ఎక్కడైనా రిపాజిటరీలో ప్రతి ఉండొచ్చు, దాన్ని అన్‌పేవాల్ అనే ఉచిత సాధనంతో చూడండి. పేపర్లు వందలోపు అయితే అన్నీ, మించితే యాదృచ్ఛికంగా 50 తీసి పరీక్షించి ఓపెన్‌అలెక్స్ చెప్పినదానితో పోల్చండి. తేడా వచ్చిన వాటిలో ఎక్కువ బ్రాంజ్ రకానివే ఉంటాయి. వీటికి ఓపెన్ లైసెన్స్ ఉండదు, ప్రచురణకర్త దయ ఉన్నంతకాలం తెరిచి ఉంటాయి, ఏ రోజైనా మూసేయొచ్చు. అందుకే బ్రాంజ్‌ను గోల్డ్‌తో (ఓపెన్ లైసెన్స్‌తో జర్నలే తెరిచి ఉంచినవాటితో) కలిపి "ఓపెన్" అనకండి. "ఇప్పటికి చదవొచ్చు" అని విడిగా చూపి, పరీక్షించిన తేదీ వేయండి.

లక్షణం: చివరి ఏడాది దగ్గర గీత ఒక్కసారిగా పడిపోయింది

కారణం: చాలా చందా జర్నళ్లు రచయిత ప్రతిని రిపాజిటరీలో పెట్టడానికి 6 నుంచి 12 నెలలు, కొన్ని అంతకంటే ఎక్కువ గడువు విధిస్తాయి. ఆ గడువు దాటాకే గ్రీన్ (రిపాజిటరీలో తెరుచుకునే ప్రతుల) లెక్క పెరుగుతుంది. కొత్త పేపర్లు డేటాబేస్‌కు చేరడమూ ఆలస్యమే.

పరిష్కారం: చివరి రెండేళ్లను బూడిద రంగులో చూపి "ఇంకా నిండలేదు" అని రాయండి, లేదా అంతకుముందు ఏడాదితో ఆపండి. పడిపోయిన గీతను అలాగే చూపిస్తే, ఓపెన్ యాక్సెస్ పని అయిపోయిందని ఎదుటివారు వాదిస్తారు.

లక్షణం: శాతాలు చూసి "ఎన్ని పేపర్ల మీద?" అని అడుగుతారు

కారణం: చిన్న సంఖ్యకు శాతం వేయడం. ఒక డిపార్ట్‌మెంట్‌కు 23 పేపర్లే ఉంటే ఒక్క పేపర్ 4 శాతం పైన ఊగుతుంది.

పరిష్కారం: వందలోపు పేపర్లకు గుండ్రటి పై-చార్టు, శాతం రెండూ వదిలేయండి. ఒక్కో పేపర్‌కు ఒక్కో గడి వేయండి. వరుసకు 10 గడులు, తెరుచుకున్నవి ముందు, తాళం ఉన్నవి చివర. ఇలా వేస్తే లెక్క కళ్లతోనే పెట్టుకోవచ్చు, ఎవరికీ అనుమానం రాదు. శీర్షికలో "పేపర్ల పంపిణీ" అని కాకుండా, తేలిన విషయాన్నే వాక్యంగా పెట్టండి.

గోల్డ్‌కు పసుపు, గ్రీన్‌కు పచ్చ, తాళానికి ఎరుపు వేయాలనిపిస్తుంది. పచ్చ, ఎరుపు తేడా కనబడని వారుంటారు. పైగా ఆఫీసు ఫైల్లోకి చేరేది జిరాక్స్ కాపీ, అందులో రెండూ ఒకే నలుపు. తెరుచుకున్నవాటికి నీలం (ఆర్‌జీబీ 0, 114, 178), ఇప్పటికి చదవగలిగేవాటికి నారింజ (230, 159, 0) పెట్టండి. తాళానికి రంగు నింపకుండా గీత గడి చాలు. రంగుల వివరం మూలన పెట్టకుండా గడుల పక్కనే రాయండి. పంపేముందు ఒక్కసారి జిరాక్స్ తీసి చూడండి.

లక్షణం: "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది, ఇంక ఇదెందుకు?"

ఇది న్యాయమైన ప్రశ్న, జవాబు చార్టులోనే ఉండాలి. 2024 నవంబర్ 25న కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన ఈ పథకానికి 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయి. మన యూనివర్సిటీలకు ఇది నిజంగా మేలే. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే సభ మనకు దూరమవుతుంది.

కారణం: మన చార్టు క్యాంపస్ లోపలి పాఠకుడినే చూపుతోంది.

పరిష్కారం: అవే పేపర్లను ముగ్గురు పాఠకుల వైపు నుంచి మూడు వరుసల్లో చూపండి: యూనివర్సిటీ స్కాలర్, ప్రైవేటు డిగ్రీ కాలేజీ లెక్చరర్, ఏ సంస్థకూ చెందని మనిషి, అంటే ఆర్‌ఎంపీ, రైతు, విలేకరి, ఊళ్లో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్త. మొదటి వరుస దాదాపు నిండుతుంది. రెండోది, మూడోది ఖాళీ గడులతో మిగులుతాయి. పథకం ప్రభుత్వ సంస్థలకే కాబట్టి అనుబంధ ప్రైవేటు కాలేజీలు బయటే ఉన్నాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మనిషి మూడో వరుసలో ఉన్నాడు.

లక్షణం: "ఓపెన్ యాక్సెస్ అంటే వేలకు వేలు కట్టాలి"

కారణం: రుసుము తీసుకునే జర్నళ్లే కంటికి కనబడటం. పరిష్కారం: డీఓఏజే (ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీ) జాబితా సీఎస్‌వీ దింపి, మీ సబ్జెక్టులో రుసుము ఉన్నవి, లేనివి రెండు బార్లుగా వేయండి. ఆ జాబితా మొత్తం మీద సగానికి పైగా జర్నళ్లు రచయిత దగ్గర రుసుము తీసుకోవు. దొంగ జర్నళ్ల భయానికీ ఇదే జాబితా జవాబు, దరఖాస్తును పరిశీలించాకే జర్నల్‌ను అందులో చేరుస్తారు.

లక్షణం: చార్టులో తెలుగు వత్తులు విడిపోయాయి

కారణం: చార్టులు గీసే పైథాన్ మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలా వెర్షన్లలో అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేరుస్తుంది, గుణింతాలు, వత్తులు కలపదు. "రాష్ట్రం" ముక్కలై కనబడుతుంది. ఫాంటు మార్చినా పోదు.

పరిష్కారం: ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ సెట్టింగ్‌ను "నన్" చేసి ఎస్‌వీజీగా భద్రపరిచి ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి, అక్షరాలు సరిగ్గా కుదురుకుంటాయి. ఆర్ ప్రోగ్రామింగ్ భాష వాడేవారు ర్యాగ్ ప్యాకేజీతో పీఎన్‌జీ తీయొచ్చు. ఏదీ రాకపోతే లిబ్రెఆఫీస్ చార్టు చాలు. ఫాంటు నోటో సాన్స్ తెలుగు, లేదా శీర్షికకు రామభద్ర.

ఫ్లెక్సీ షాపులో మళ్లీ చెడితే అది వేరే కారణం. అక్కడ ఎక్కువగా యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లే వాడతారు, మన యూనికోడ్ ఫైల్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో చెదురుతుంది. ఇంక్‌స్కేప్‌లో అన్నీ ఎంచుకొని "ఆబ్జెక్ట్ టు పాత్" నొక్కి, పీడీఎఫ్‌గా ఇవ్వండి. అక్షరాలు గీతలుగా మారిపోతాయి కాబట్టి ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా ఉంటాయి. తప్పులు దిద్దుకోవడానికి అసలు ఫైల్ విడిగా దాచుకోండి. వాట్సాప్‌లో అయితే 1080×1350 సైజులో, ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.

లక్షణం: మ్యాపులో చౌటుప్పల్ నల్గొండలో లేదు

2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాయి. చౌటుప్పల్ యాదాద్రి భువనగిరికి వెళ్లింది, పాత పేపర్లు మాత్రం నల్గొండ అనే రాస్తాయి. పాలమూరు నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, 2019లో నారాయణపేట వేరయ్యాయి. పేపర్‌లోని ఊరిని మండలానికి కట్టి, పాత ఉమ్మడి జిల్లా సరిహద్దు మందంగా, కొత్తవి సన్నగా గీయండి. ఊరి పేరే లేని పేపర్లను మ్యాపులోకి లాగకుండా పక్కన సంఖ్యగా రాస్తే సరిపోతుంది.