పాదసూచికల్లో తప్పులు: గుర్తించడం, కారణం పట్టుకోవడం, దిద్దడం

తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థుల పరిశోధన వ్యాసాల్లో తరచుగా కనిపించే లోపాలివి. వీటిలో చాలావరకు వ్యాసం రాసేటప్పుడు కాక, అంతకుముందు నోట్సు తీసుకునేటప్పుడే పుడతాయి.

సమస్య: రచయిత చనిపోయిన తర్వాతి సంవత్సరం ఆయన మాట పక్కన కనిపిస్తోంది.
“ఈ పదానికి బ్రౌన్ 1903లో ఇచ్చిన అర్థం” అన్న వాక్యాన్నే తీసుకుందాం. సి.పి. బ్రౌన్ 1884లోనే మరణించాడు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తొలిసారి 1852లో వెలువడగా, 1903 నాటిది ఇతరులు సవరించిన రెండో కూర్పు. విద్యార్థి చేతిలో ఉన్నది బహుశా దాని పునర్ముద్రణ. అట్ట మీదో ముఖపత్రం మీదో కనిపించిన ఏడాదిని అలాగే రాసుకోవడం వల్ల ఈ పొరపాటు జరుగుతుంది. తాను చూసిన కూర్పుతోపాటు తొలి ముద్రణ సంవత్సరాన్ని కూడా ఇస్తే సూచిక సరిపడుతుంది గానీ, వాక్యం సరిపడదు. ఆ అర్థం 1852 ప్రతిలోనూ ఉందని చూసుకున్న తర్వాతే దాన్ని బ్రౌన్‌కు ఆపాదించాలి. లేదంటే అది సవరించినవారు చేర్చినదై ఉండవచ్చు.

సమస్య: “పైదే” అన్న సూచిక వేరే పుస్తకాన్ని చూపుతోంది.
“పైదే” అంటే అంతకుముందు సూచికలో చెప్పిన పుస్తకమే అని అర్థం. ఆ రెంటి మధ్యలో కొత్త పాదసూచిక చేరడంతో, అది ఇప్పుడు ఆ కొత్త పుస్తకాన్ని చూపుతోంది. ప్రతిచోటా రచయిత పేరు, గ్రంథనామం, పుట క్లుప్తంగా ఇవ్వండి. కంప్యూటరులో పేరాలు అటూ ఇటూ జరుపుతూ రాసే ఈ రోజుల్లో “పైదే”ను పూర్తిగా మానుకోవడమే మేలని నా అభిప్రాయం.

సమస్య: గ్రంథసూచిలో ఒకే రచయిత రెండు చోట్ల ఉన్నాడు.
మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. గ్రంథసూచిని తయారుచేసే జొటేరో వంటి సాఫ్ట్‌వేర్‌లు పుస్తకాల వివరాలను తెచ్చుకునేటప్పుడు చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకునే అవకాశం ఉంది. అప్పుడు కందుకూరి వీరేశలింగం ఒకచోట “క” కింద, మరోచోట “వీరేశలింగం, క.” అన్న రూపంలో “వ” కింద చేరతారు. ఇంటిపేరును దాని గడిలో స్వయంగా నింపాలి. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కలంపేర్లను విడదీయకుండా ఒకే గడిలో ఉంచాలి.

సమస్య: చెప్పిన పుటలో ఆ మాట లేదు.
స్కాన్ చేసిన ప్రతిలో తెర చూపే సంఖ్యకు, పుస్తకంలో అచ్చయిన పుటసంఖ్యకు పీఠిక పుటలంత తేడా ఉంటుంది. అచ్చయిన సంఖ్యనే ఇవ్వాలి. కావ్యాలకైతే పుట కంటే ఆశ్వాసం, పద్యం సంఖ్యలే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే చదివేవారి దగ్గర వేరే ముద్రణ ఉండవచ్చు.

సమస్య: ఆధారం చూపినా సారూప్య నివేదికలో (ఇతరుల రచనలతో వ్యాసం ఎంత కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చూపే లెక్కలో) శాతం ఎక్కువగా వచ్చింది.
మూలవాక్యంలో నాలుగు మాటలు మార్చి, ఉద్ధరణ చిహ్నాలు లేకుండా వాడితే, పాదసూచిక భావానికి మాత్రమే లెక్కకు వస్తుంది, మాటలకు రాదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే, ఆరు నెలలకు మించని గడువులో సవరించిన ప్రతిని మళ్లీ సమర్పించాలి. సరైన ఆధారంతో చూపిన ఉద్ధరణలను, గ్రంథసూచిని ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. కాబట్టి మూలంలోని మాటలే కావాలంటే చిహ్నాల మధ్య యథాతథంగా ఉంచండి. భావం చాలనుకుంటే పుస్తకం మూసి సొంత వాక్యం రాసి, తర్వాత మూలంతో పోల్చి చూసుకోండి. పాదసూచిక రెండు సందర్భాల్లోనూ ఉండాలి.