మాన్యువల్ చదవకుండా వార్డ్‌రోబ్ బిగించొద్దు: మొదటి పేజీ నుంచి గోడకి బిగించే దాకా ఎలా చేయాలి?

పార్టులుగా వచ్చే వార్డ్‌రోబ్ బిగించే ముందు మాన్యువల్ చదవాలా అని అడిగితే, చదవాలి. సగం బిగించాక డౌటు వచ్చినప్పుడు తిరగేయడం చదవడం కిందకి రాదు. పెట్టెలు విప్పాక, మొదటి స్క్రూ చేతిలోకి తీసుకోకముందే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూడాలి. అరగంట పడుతుంది. ఆ అరగంట లేకపోతే ఆ రోజు పని పెట్టుకోకండి.

బంధువుల ఇళ్లలో, మా అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి వార్డ్‌రోబులు, మంచాలు, షూ ర్యాకులు చాలా బిగించాను. ఎవరో సగం బిగించి వదిలేస్తే విప్పి మళ్లీ బిగించినవీ తక్కువేం కాదు. అలా వెళ్లిన ఇళ్లలో చాలాసార్లు మాన్యువల్ కవర్లోంచి బయటికే వచ్చి ఉండదు. "ఇందులో ఏముంది, నాలుగు పలకలేగా" అని మొదలుపెట్టేస్తారు. టేకు చెక్క పని అయితే ఆ ధైర్యం చెల్లుతుంది. స్క్రూ తప్పుచోట దిగితే తీసేసి, కన్నంలో చిన్న చెక్కముక్క కొట్టి మళ్లీ బిగించుకోవచ్చు. ఈ వార్డ్‌రోబుల్లో ఎక్కువ భాగం పార్టికల్ బోర్డు. చెక్క నలుసులు, పొట్టు జిగురుతో కలిపి వేడి చేసి నొక్కిన పలక అది. స్క్రూ పట్టి ఉండేది ఒక్కసారే. దాన్ని రెండుమూడు సార్లు తీసి పెడితే లోపలి పొట్టు రాలిపోయి కన్నం వదులవుతుంది. ముందు బిగించి చూద్దాం, తేడా వస్తే విప్పుదాం అనే పద్ధతి దీనికి పనికిరాదు.

కావలసినవి

ఒక మంచి ప్లస్ స్క్రూడ్రైవర్, ఒక మైనస్ స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, కొలిచే టేపు, మాస్కింగ్ టేపు (అంటించి మళ్లీ తేలిగ్గా తీసేయగల కాగితపు టేపు), పెన్సిలు, కింద పరచడానికి పాత దుప్పటి, స్క్రూలు వేసుకోవడానికి నాలుగైదు గిన్నెలు. అలెన్ కీ (ఎల్ ఆకారంలో వంచిన ఆరు పలకల కడ్డీ) అవసరమైతే డబ్బాలోనే వస్తుంది. మనుషులు ఇద్దరు ఉండాలి. డ్రిల్ మెషీన్‌తో పని గోడ దగ్గర మాత్రమే. అప్పటిదాకా దాన్ని ఆ గదిలోకే తేవద్దు. మెషీన్‌తో స్క్రూ బిగిస్తే అది ఎప్పుడు టైట్ అయిందో చేతికి తెలియదు. తెలిసేసరికి బోర్డు చెదిరిపోయి ఉంటుంది.

స్క్రూ తలను ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. ప్లస్ గుర్తు గాడుల మధ్య సన్నటి గీతలు నాలుగు కనిపిస్తే అది పోజీడ్రైవ్ రకం. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ (ఫిలిప్స్ రకం) దాని గాడిలో పూర్తిగా కూర్చోదు. గట్టిగా తిప్పగానే జారి తలను అరగదీస్తుంది. వీటికి ఎక్కువగా పీజెడ్ 2 సైజు స్క్రూడ్రైవర్ సరిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో పేరు చెప్పి అడగండి, ఇంట్లో ఉన్నదానితో కానిచ్చేయకండి.

మాన్యువల్ ఎలా చదవాలి

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. బిగించడం చేతిపని, ఎవరైనా చేస్తారు. బొమ్మ చదవడమే చాలామందికి రాదు. రాదన్న సంగతి కూడా వాళ్లకి తెలియదు.

ఈ మాన్యువల్స్‌లో మాటలు తక్కువ, కొన్నింట్లో అసలు ఉండవు. టేబుల్ కాళ్లు విడగొట్టి కార్లో పట్టేలా అమ్మే పద్ధతిని 1950ల్లో స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. 2018లో హైదరాబాద్‌లో, మన దేశంలో తన మొదటి షాపు తెరిచిన కంపెనీ అదే. ఒకే పుస్తకం అన్ని దేశాల్లో, అన్ని భాషలవాళ్లకీ పనికి రావాలి కాబట్టి అంతా బొమ్మల్లోనే చెబుతారు. మిగతా కంపెనీలు కూడా చాలావరకు అదే దారి పట్టాయి. మాటలు లేవు కదా అని పేజీలు గబగబా తిప్పేస్తారు చాలామంది. మాటలు లేవంటే ప్రతి గీతకీ అర్థం ఉన్నట్టు. కన్నం ఏ వైపు ఉందో, ఎన్ని కన్నాలు ఉన్నాయో, ఏ అంచు ముదురుగా గీశారో, ప్రతిదీ సూచనే.

ముందు చివరి పేజీ చూడండి. పూర్తయిన వార్డ్‌రోబ్ ఎలా నిలబడుతుందో, తలుపులు ఎటు తెరుచుకుంటాయో, గోడకి ఎక్కడ బిగించాలో తెలుస్తుంది. తర్వాత అడ్డంగా ఇంటూ గుర్తు కొట్టిన బొమ్మలన్నీ వెతకండి. నేను వాటికి చాలా విలువ ఇస్తాను. కొన్నవాళ్లు ఎక్కువగా ఎక్కడ తప్పు చేస్తారో కంపెనీకి తెలుసు, అక్కడే ఆ ఇంటూ పెడతారు.

తర్వాత స్క్రూలు లెక్కపెట్టండి. కవర్లన్నీ ఒకేసారి చింపి గుట్ట పోయకండి, ఒక్కో రకం ఒక్కో గిన్నెలో వేయండి. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాల స్క్రూలు దాదాపు ప్రతి డబ్బాలోనూ వస్తాయి, పొడవులో కొద్ది మిల్లీమీటర్లే తేడా. పలక మందం 15, 16 మిల్లీమీటర్లు ఉన్నచోట పొట్టిది పెట్టాల్సిన కన్నంలో పొడుగుది పెడితే, మొన అవతలి వైపు లామినేట్‌ను (పలక మీద అంటించిన పైపొరను) పొడుచుకుని బయటికి వస్తుంది. అది తలుపు ముందువైపు అయితే ఆ మచ్చ ఇక పోదు. కొన్ని మాన్యువల్స్‌లో స్క్రూ బొమ్మ అసలు సైజులోనే వేస్తారు. అలా ఉంటే స్క్రూను కాగితం మీద బొమ్మ పక్కనే పెట్టి చూడండి. లేకపోతే టేపుతో కొలవండి. కంటి అంచనా వద్దు.

ఇప్పుడు పలకలు. ఎడమ పక్క పలక, కుడి పక్క పలక ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి. తారుమారు చేస్తే మొదటి పది స్టెప్పుల దాకా ఏ ఇబ్బందీ తెలియదు, అన్నీ చక్కగా కూర్చుంటాయి. వెనక పలక పెట్టబోయేటప్పుడు అది కూర్చోవలసిన గాడి ముందువైపు ఉందని తెలుస్తుంది. అప్పుడు మొత్తం విప్పాలి, ఆ కన్నాలన్నీ రెండోసారి వాడాలి. మళ్లీ బిగించమని నన్ను పిలిచిన ఇళ్లలో ఎక్కువగా చూసింది ఈ తప్పే.

దీనికి నేను పాటించే పద్ధతి ఒకటుంది, మీరూ అదే పాటించాలి. ప్రతి పలకనీ దుప్పటి మీద పడుకోబెట్టి, బొమ్మలో ఎలా ఉందో అచ్చం అలాగే తిప్పండి. కన్నాలు లెక్కపెట్టండి. బొమ్మలో పై అంచు దగ్గర మూడు, కింది అంచు దగ్గర రెండు ఉంటే మీ ముందున్న పలకలోనూ అలాగే ఉండాలి. పట్టీ అంటించి నున్నగా ఉన్న అంచు ముందుకు వస్తుంది. గాడి ఉన్నా, లోపలి బోర్డు గరుగ్గా కనిపిస్తున్నా, ఆ అంచు వెనక్కి వెళుతుంది. సరిపోయిందని తేలాక మాస్కింగ్ టేపు ముక్క అంటించి, దాని మీద పెన్సిలుతో 'ఎడమ, ముందు, పైన' అని బాణం గుర్తులతో రాయండి. అన్ని పలకలకీ ఇలా చేశాకే మొదటి స్క్రూ.

ఇంకా ఒక సంగతి. ప్రతి స్టెప్పు చేసే ముందు దాని తర్వాతి రెండు బొమ్మలు చూడాలి. వెనక పలక గాడిలో జారే రకమైతే, పై పలక బిగించకముందే దాన్ని జారవిడవాలి. డ్రాయర్ పట్టాలు పక్క పలకలు నేల మీద ఉన్నప్పుడే బిగించాలి, నిలబెట్టాక స్క్రూడ్రైవర్ లోపల తిరగదు. కొన్నిచోట్ల స్క్రూలు ముందు వదులుగా పెట్టి, అన్నీ కూర్చున్నాక టైట్ చేయమని ఉంటుంది. ఎదురుగా ఉన్న పేజీ మాత్రమే చూసి పనిచేసేవాళ్లకి ఇవేవీ తెలియవు.

ఫోన్‌లో వీడియో చూస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. సరిపోదు. మోడల్ పేరు అదే ఉన్నా లోపలి ఫిట్టింగులు మారుతుంటాయి, వీడియో పాతదై ఉండొచ్చు. పైగా కీలకమైన చోట బిగించేవాడి చెయ్యి అడ్డొస్తుంది. బొమ్మలో చెయ్యి అడ్డు రాదు. వీడియోలో ఎంత పాజ్ కొట్టినా కన్నాలు లెక్కపెట్టలేరు. కాగితం నేల మీద తెరిచి, గాలికి పేజీ తిరగకుండా ఏదైనా బరువు పెట్టుకుని పని చేయండి. మాన్యువల్ పీడీఎఫ్ మాత్రమే ఇస్తే ప్రింట్ తీసుకోండి.

క్యామ్ లాక్ బిగించడం

మన కార్పెంటర్లు మినీఫిక్స్ అనేది దీన్నే. ఒక పలకలోకి బోల్టు, రెండో పలకలో గుండ్రటి క్యామ్, సాధారణంగా 15 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. బోల్టు తల క్యామ్ లోపలికి వెళ్లాక క్యామ్‌ను తిప్పితే అది తలను పట్టుకుని రెండు పలకల్నీ దగ్గరికి లాగుతుంది.

బోల్టును దాని మెడ పలకకి ఆనేదాకా బిగించండి, అక్కడ ఆపండి. మెడ పైకి ఉండిపోతే పలకల మధ్య సందు మిగులుతుంది. బలవంతంగా ఇంకా లోపలికి దించితే తల క్యామ్‌కి అందదు. క్యామ్ మీద చిన్న బాణం ఉంటుంది. క్యామ్‌ను కన్నంలో పెట్టేటప్పుడు ఆ బాణం బోల్టు వచ్చే అంచు వైపు చూడాలి. పలకలు కలిపాక తిప్పేముందు తొంగి చూడండి, క్యామ్ లోపల బోల్టు తల కనిపించాలి. కనిపించకపోతే తిప్పొద్దు.

తిప్పేటప్పుడు కుడివైపుకి సుమారు అరచుట్టు. మొదట తేలిగ్గా తిరిగి, చివర్లో బిగుతు తగులుతుంది. అక్కడితో చాలు. ఏ బిగుతూ లేకుండా అలా తిరుగుతూనే ఉందంటే క్యామ్ తలను పట్టుకోలేదు, పలక విడదీసి మళ్లీ చూడాలి. మొదట్లోనే ఆగిపోతే బాణం తప్పు దిక్కున ఉంది. బలం ఉపయోగిస్తే జింకుతో పోతపోసిన ఆ క్యామ్ విరుగుతుంది, లేదా బోర్డు అంచు పగులుతుంది. మైనస్ స్క్రూడ్రైవర్ మొన క్యామ్ గాడికి నిండుగా సరిపోయేది తీసుకోండి. చెక్క డోవెల్స్ (పలకల కన్నాల్లో దిగే చిన్న గుండ్రటి చెక్క కడ్డీలు) ముందు సుత్తితో నెమ్మదిగా దించండి. జిగురు వేయమని మాన్యువల్ చెబితే తప్ప వేయకండి, అద్దె ఇల్లు మారేటప్పుడు విప్పలేరు.

మిగతా పని

ఫ్రేమ్ పూర్తయ్యాక వెనక పలక కొట్టేముందు టేపుతో మూలల్ని కొలవండి. ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకి, కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకి. రెండూ సమానంగా రావాలి. తేడా ఉంటే కొలత ఎక్కువ వచ్చిన వైపు మూలను చేత్తో లోపలికి నెట్టి సమానం చేసి, అప్పుడే వెనక పలక మేకులు కొట్టండి. తలుపులు వంకరగా వచ్చాయని కబ్జాల స్క్రూలు తిప్పుతూ కూర్చునేవాళ్లలో చాలామంది ఈ కొలత వదిలేసినవాళ్లే.

నేల మీద బిగించి లేపే వార్డ్‌రోబ్ అయితే పైకప్పు ఎత్తు ముందే చూసుకోవాలి. 236 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల లోతు ఉన్నదాన్ని లేపేటప్పుడు మూల నుంచి మూలకి దాదాపు 244 సెంటీమీటర్లు కావాలి. ఫాల్స్ సీలింగ్ తక్కువగా ఉన్న గదుల్లో, అటక కింద ఇది తగులుతుంది. కావలసిన ఎత్తు చాలా మాన్యువల్స్‌లో మొదటి పేజీల్లోనే రాసి ఉంటుంది. సరిపోకపోతే నిలబెట్టి బిగించే పద్ధతి ఉందేమో అందులోనే చూడండి. తలుపులు, డ్రాయర్లు, హ్యాండిళ్లు చివర్లో పెట్టండి, వాటిలో కష్టమేమీ లేదు.

గోడకి బిగించే క్లిప్పు మాత్రం వదలకండి. పిల్లలు డ్రాయర్లు లాగి మెట్లలా ఎక్కితే వార్డ్‌రోబ్ ముందుకు ఒరిగి మీద పడుతుంది. అమెరికాలో ఇలా పిల్లలు చనిపోయాక 2016లో సుమారు 2 కోట్ల 90 లక్షల డ్రాయర్ల బీరువాలను ఐకియా వెనక్కి పిలిపించింది. "గోడకి కన్నాలు పడతాయి, ఓనర్ ఊరుకోడు" అని మానేసేవాళ్లకి నేను చెప్పేది, ముందు ఓనర్‌తో మాట్లాడి ఒప్పించుకోండి. ఖాళీ చేసేటప్పుడు రెండు కన్నాలకి పుట్టీ పెట్టడం పెద్ద ఖర్చు కాదు. గోడ కింద స్కర్టింగ్ టైల్ ముందుకు ఉంటే వార్డ్‌రోబ్ వెనక సందు మిగులుతుంది. క్లిప్పు ఎత్తులో ఆ సందుకు సరిపడా చెక్కముక్క పెట్టి బిగించండి. ఇటుక గోడకి మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు చాలు. కొత్త అపార్ట్‌మెంట్లలో తెల్లటి తేలిక బ్లాకుల గోడ ఉంటే వాటికి పనికొచ్చే ప్లగ్గులే అడిగి తెచ్చుకోండి, డ్రిల్‌లో హ్యామర్ మోడ్ (తిరుగుతూ గోడని కొట్టే పద్ధతి) ఆపేసి కన్నం పెట్టండి. హ్యామర్‌తో కొడితే కన్నం పెద్దదై ప్లగ్గు వదులవుతుంది.

బకెట్ నీళ్లు పోసి నేల కడిగే అలవాటు ఉంటే వార్డ్‌రోబ్ కింద బుష్‌లు తప్పనిసరిగా పెట్టండి. కింది అంచుకి నీళ్లు తగిలితే పార్టికల్ బోర్డు ఉబ్బుతుంది, ఎండినా మళ్లీ మామూలుగా అవదు. బట్టలు సర్దిన మూడు నాలుగు వారాలకి క్యామ్ లాకులన్నీ ఒకసారి స్క్రూడ్రైవర్‌తో తాకి చూడండి, బరువు పడ్డాక కొన్ని కాస్త వదులవుతాయి. మిగిలిన స్క్రూలు, అలెన్ కీ, మాన్యువల్ ఒక కవర్లో వేసి వార్డ్‌రోబ్ లోపలే, వెనక పలకకి మాస్కింగ్ టేపుతో అంటించండి. ఇల్లు మారేటప్పుడు అదే మాన్యువల్ చివరి పేజీ నుంచి వెనక్కి చూస్తూ విప్పుకోవచ్చు.