పంట పోయిన వేళ రైతు ఇంటి సర్వే – 4వ పాఠం: ‘లేదు’ అన్న జవాబు

కిందటి పాఠంలో ఇళ్లను ఎలా ఎంచుకోవాలో, ఇంటివాళ్ల అనుమతి ఎలా అడగాలో చూశాం. చిన్న ఇంటిపని కూడా ఇచ్చాను. ఒకే పొయ్యి మీద వండుకుని కలిసి తినేవాళ్లంతా ఒక కుటుంబం అన్న లెక్కతో మూడు ఇళ్లలో సభ్యుల్ని లెక్కపెట్టమన్నాను. చేసినవాళ్లకి తెలిసే ఉంటుంది, ఒకే కప్పు కింద రెండు కుటుంబాలు ఉండొచ్చు. పని కోసం వేరే ఊరు వెళ్లిన కొడుకుని లెక్కలో వేయాలా వద్దా అని ఆగిపోయి కూడా ఉంటారు. ఆ కొడుకు సంగతి ఫారం అంచున రాసి పెట్టుకోండి. పాఠం చివర్లో అతనితో పని ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్నల్లోకి దిగుదాం. వరద కావచ్చు, కరువు కావచ్చు, యుద్ధం కావచ్చు, తెగులు కావచ్చు. ఏ దెబ్బ తగిలినా రైతు కుటుంబం దగ్గర మనం తెలుసుకోవాల్సినవి రెండు. ఈ వారం తిండి ఎలా గడిచింది? ఆ తిండి కోసం ఇంట్లోంచి ఏమేం పోయాయి? ఈ రెండింటికీ ప్రపంచమంతా వాడే ప్రశ్నలు ముందే తయారుగా ఉన్నాయి, కొత్తగా రాసుకోనక్కర్లేదు. నేర్చుకోవాల్సింది అడగడం. అంతకంటే ముఖ్యంగా ‘లేదు’ అన్న జవాబుని వినడం. ‘అవును’ అన్నప్పుడు ఎన్ని రోజులు అని అడుగుతాం, మాట ముందుకు సాగుతుంది. ‘లేదు’ అన్నప్పుడు గబుక్కున సున్నా వేసేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాం. నా అనుభవంలో సర్వేలు ఎక్కువగా చెడిపోయేది అక్కడే.

ఐదు ప్రశ్నలు, ఏడు రోజులు

మొదటి ప్రశ్నల గుంపుని ఆర్‌సీఎస్‌ఐ అంటారు. మనం సర్దుబాటు స్కోరు అనుకుందాం. తిండి చాలనప్పుడు ఇల్లు ఎలా సర్దుకుంటుందో కొలుస్తుంది ఇది. గత 7 రోజుల్లో, తిండి గానీ తిండి కొనే డబ్బు గానీ చాలక, ఫలానా పని ఎన్ని రోజులు చేయాల్సి వచ్చిందని అడుగుతాం. పనులు ఐదే. అంతగా ఇష్టం లేని, చవకరకం తిండితో సరిపెట్టుకోవడం. తెలిసినవాళ్ల దగ్గర తిండిని చేబదులుగా తెచ్చుకోవడం, లేదా వాళ్ల సాయం మీద ఆధారపడటం. ఒక్కొక్కరికీ వడ్డించేది తగ్గించడం. పిల్లలకి సరిపోవాలని పెద్దవాళ్లు తక్కువ తినడం. రోజులో ఒక పూట మానుకోవడం.

అన్నీ ఒకే బరువు కావు. బదులు తెచ్చుకోవడానికి 2, పెద్దలు తమ వాటా తగ్గించుకోవడానికి 3, మిగతా మూడింటికి ఒక్కొక్కటి. రోజుల్ని ఆ బరువుతో గుణించి కూడితే స్కోరు వస్తుంది. అత్యధికంగా 56.

‘తిండి గానీ తిండి కొనే డబ్బు గానీ చాలక’ అన్న ముక్కని ఐదు ప్రశ్నల్లోనూ ఐదుసార్లు చదవాలి. రెండోసారికే నోరు విసుగుపడుతుంది, వదిలేయాలనిపిస్తుంది. వదలొద్దు. ఉపవాసం ఉండి పూట మానుకున్నవాళ్లు, జ్వరం వచ్చి సగమే తిన్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. కారణం చదవకపోతే వాళ్లూ వచ్చి చేరతారు, స్కోరు అబద్ధమైపోతుంది.

‘అప్పుడప్పుడు’ అన్న జవాబు వస్తే 2 అనో 3 అనో మీరే ఊహించి రాయకండి. నిన్నటి నుంచి వెనక్కి ఒక్కో రోజూ నడిపించండి. ఆ వారంలో ఒక పండగో, పెళ్లో, సంతో ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకుంటే మిగతా రోజులు గుర్తొస్తాయి. దుకాణంలో అప్పు మీద తిండి కొనుక్కోవడం రెండో ప్రశ్న కిందకి రాదని కూడా గుర్తుంచుకోండి. దాని చోటు వేరే ఉంది.

ఇక ఈ ప్రశ్నలు ఎవర్ని అడగాలి? వండేవాళ్లని. గింజ ఎంత ఉందో ఇంటి యజమానికి తెలియొచ్చు. గిన్నెలో ఎంత మిగిలిందో వండినవాళ్లకే తెలుస్తుంది.

ఒక ఇంట్లో నాలుగో ప్రశ్న

నేను శిక్షణ ఇచ్చేటప్పుడు ఎప్పుడూ చెప్పే ఇంటర్వ్యూ ఇది. భార్యాభర్తలిద్దరూ ఎదురుగా కూర్చున్నారు. సర్వే చేస్తున్న అమ్మాయి నాలుగో ప్రశ్న చదివింది: “గత ఏడు రోజుల్లో తిండి గానీ తిండి కొనే డబ్బు గానీ చాలక, పిల్లలకి సరిపోవాలని పెద్దవాళ్లు తక్కువ తిన్న రోజులు ఉన్నాయా అమ్మా?”

ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. “అంత గతి మాకేం పట్టలేదండీ.” ఆమె తల దించుకుని “లేదండీ” అంది.

ఇక్కడ చాలామంది 0 రాస్తారు. ఈ అమ్మాయి రాయలేదు. అలాగని వాదించనూ లేదు. జతగా వచ్చిన కుర్రాడు భర్తని “పొలం ఎంత మునిగిందో ఒకసారి చూపిస్తారా అండీ?” అని బయటికి తీసుకెళ్లాడు. పంట ప్రశ్నలు ఎలాగూ ఆయన్నే అడగాలి కాబట్టి అందులో మోసమేమీ లేదు. ఇద్దరు కలిసి ఇంటికి వెళ్లాలని మొదటి పాఠంలో చెప్పింది ఇందుకే.

“నిన్న రాత్రి నుంచి చూద్దామమ్మా. ముందు ఎవరు తిన్నారు?”

“పిల్లలు.”

“తర్వాత?”

“ఆయన.”

“ఆ తర్వాత?”

ఆమె కాసేపు మాట్లాడలేదు. “నిన్న నాకు ఆకలి లేదండీ.”

“మొన్న?”

“మొన్నా అంతే.”

అప్పుడా అమ్మాయి నాలుగో ప్రశ్నని అక్షరం మార్చకుండా మళ్లీ చదివింది. “పిల్లలు ఇంకాస్త అడుగుతారు కదండీ. వాళ్లకి పెట్టాక గిన్నెలో ఉంటే తింటాను. ఈ వారంలో మూడు రాత్రుళ్లు మిగల్లేదు” అంది ఆమె.

ఆ అమ్మాయి ఏం చేసిందో, ఏం చేయలేదో జాగ్రత్తగా చూడండి. “పిల్లల కోసం మీరు మానుకుని ఉంటారు కదా” అనలేదు. అలా అంటే జవాబు మనమే నోట్లో పెట్టినట్టు. ఎవరు ఎప్పుడు తిన్నారని మాత్రమే అడిగింది, అదీ వరసగా. చివర్లో అసలు ప్రశ్నకే తిరిగొచ్చింది, ఎందుకంటే స్కోరు ఆ ప్రశ్నకి వచ్చిన జవాబుతోనే వేయాలి. భర్త తిరిగొచ్చాక ఆ జవాబుని పైకి చదవలేదు కూడా. ఆమె చెప్పింది మనల్ని నమ్మి. ఆ నమ్మకాన్ని కాపాడటం సర్వేలో భాగమే.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆ ఇంట్లో చవకరకం తిండి 5 రోజులు, బదులు తెచ్చుకున్నది 2 రోజులు, వడ్డన తగ్గించింది 4 రోజులు, పూట మానుకున్నది 3 రోజులు. భర్త చెప్పిన ‘లేదు’తో అయితే 5, 4, 4, 3 కలిపి 16. ఆమె చెప్పిన మూడు రాత్రుళ్లు కలిస్తే 3ని 3తో గుణించి 9. మొత్తం 25.

ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే ఐపీసీ గురించి కొంచెం తెలియాలి. ఆహార సంక్షోభాల తీవ్రతని 5 దశల్లో చెప్పే పద్ధతి అది. 2004లో సోమాలియాలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ విభాగం దాన్ని మొదలుపెట్టింది, తర్వాత ఎన్నో దేశాలకి వ్యాపించింది. దాని ప్రకారం సర్దుబాటు స్కోరు 0 నుంచి 3 వరకు ఉంటే మొదటి దశ, 4 నుంచి 18 వరకు రెండో దశ, 19గానీ అంతకు మించిగానీ ఉంటే మూడో దశ లేదా ఇంకా పైది. మూడో దశ పేరే సంక్షోభం. 16కీ 25కీ మధ్య ఆ గీత ఉంది. ఒక ప్రాంతం ఏ దశలో ఉందో ఈ ఒక్క స్కోరుతో తేల్చరు, వేరే ఆధారాలూ చూస్తారు. ఒక ప్రాంతం ఫలానా దశలో ఉందనాలంటే జనాభాలో కనీసం 20 శాతం మంది ఆ దశలోగానీ పై దశల్లోగానీ ఉండాలి. అంటే ఆ 20 శాతాన్ని తేల్చడంలో ప్రతి ఇంటి లెక్కా చేరుతుంది. తొందరపడి రాసిన సున్నాలు పోగుపడితే ఒక ప్రాంతమంతా సాయం జాబితాలోంచి జారిపోవచ్చు.

రెండు రకాల ‘లేదు’

రెండో గుంపు జీవనోపాధి గురించి. ఇందులో సాధారణంగా 10 పనులుంటాయి. 4 ఒత్తిడి స్థాయివి, 3 సంక్షోభ స్థాయివి, 3 అత్యవసర స్థాయివి. దాచుకున్న డబ్బు ఖర్చు చేయడం, తిండి అప్పు మీద కొనడం, ఇంటి సామాను అమ్మడం ఒత్తిడి కిందకి వస్తాయి. పనిముట్లు అమ్మడం, వచ్చే పంటకి దాచిన విత్తనాన్ని తినేయడం, ఎరువులకీ పశువుల మేతకీ పెట్టే ఖర్చు తగ్గించడం సంక్షోభం. భూమి అమ్మడం, మందలో మిగిలిన ఆఖరి ఆడ పశువుని అమ్మడం, చేయి చాచి అడుక్కోవడం అత్యవసరం. చేసిన పనుల్లో అన్నిటికంటే తీవ్రమైనది ఏదో, ఆ కుటుంబం స్థాయి అదే.

ఇక్కడ గడువు గత 30 రోజులు. “గత 30 రోజుల్లో విత్తనం తినాల్సి వచ్చిందా?” అంటే “లేదండీ” అంటారు. ఆ ‘లేదు’ ఒకటి కాదు. ఒక ఇంట్లో అవసరం రాలేదు, విత్తనం గాదెలో భద్రంగా ఉంది. ఇంకో ఇంట్లో విత్తనం నాలుగు నెలల కిందటే అయిపోయింది, ఇప్పుడు తినడానికి ఏమీ లేదు. ఇద్దరూ పలికింది ఒకే మాట. అందుకే ఫారంలో ‘లేదు, అవసరం రాలేదు’, ‘లేదు, 12 నెలల్లో ఇదివరకే చేసేశాం, ఇక చేయడానికి మిగల్లేదు’ అని రెండు గడులు విడివిడిగా ఉంటాయి. లెక్క వేసేటప్పుడు రెండోదాన్ని ‘అవును’తో సమానంగా తీసుకుంటారు. అసలు పశువులే పెంచని ఇంటికి ‘వర్తించదు’ అన్న గడి ఉంది.

కాబట్టి ‘లేదు’ విన్న ప్రతిసారీ ఇంకొక్క ప్రశ్న అడగండి: “అవసరం రాలేదా అండీ, లేకపోతే అమ్మడానికి ఇంకేం మిగల్లేదా?” రెండు వైపులూ చెప్పి అడిగితేనే జవాబు వాళ్లది అవుతుంది. మొత్తం పదికీ కలిపి రెండు మూడు నిమిషాలు పడుతుందేమో. ఆ కాస్త సమయానికి కక్కుర్తి పడకండి.

రెండు గుంపుల జవాబుల్నీ పక్కపక్కన పెట్టి చూడటం కూడా అలవాటు చేసుకోండి. సర్దుబాటు స్కోరు 2, జీవనోపాధి స్థాయి అత్యవసరం అని వస్తే కంగారుపడి ఫారం తప్పనుకోవద్దు. ఆ ఇంట్లో పోయిన నెలే పొలం అమ్మి ఉండొచ్చు. ఈ వారం కడుపు నిండింది, వచ్చే పంట వేయడానికి నేల లేదు. అటువంటి ఇంటిని చూసి నేను చాలాసార్లు బాధపడ్డాను. తిండి ప్రశ్నలతోనే ఆపేసి ఉంటే బాగున్న కుటుంబంగా నమోదైపోయేది.

ఈ వారం అభ్యాసం

మీ జతగాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని పదిహేను ప్రశ్నలూ అడగండి. జతగాడు మనసులో ఒక కుటుంబాన్ని ఊహించుకుని, ప్రతి దానికీ ముందు ‘లేదు’ అనే చెప్పాలి. ఏది ఏ ‘లేదు’ అన్నది మీరు జవాబు అందించకుండా రాబట్టాలి. తర్వాత చోట్లు మార్చుకోండి. అడిగేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ‘కదా’ అన్న మాట మీ నోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. అది వచ్చిన ప్రతిచోటా మీరు జవాబు నేర్పినట్టే.

ఇక ఫారం అంచున రాసుకున్న ఆ కొడుకు. ఏటా ఈ కాలంలో పనికి వెళ్లొచ్చేవాడైతే అది ఆ ఇంటి మామూలు బతుకుతెరువు. పంట పోయింది కాబట్టి ఈసారే మొదటిసారి వెళ్లాడంటే అది సంక్షోభం వల్ల చేసిన పని. ఈ రెండింటినీ విడదీసే ప్రశ్న ఒకటి మీ మాటల్లో, ‘కదా’ లేకుండా, పది పదాలు మించకుండా రాసుకుని రండి. ఇదే ఇంటర్వ్యూ ఫోన్‌లో చేయాల్సి వస్తే, అవతల మాట్లాడేవాళ్ల పక్కన ఎవరున్నారో కనబడనప్పుడు నాలుగో ప్రశ్న ఎలా అడగాలన్నది 5వ పాఠం.