మారిన కాలంలో పెరిగిన పెద్దల బాల్యాన్ని రాసి పెట్టుకోవడం ఎలా

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో 1940కీ 1970కీ మధ్య పుట్టినవారు ఒక్క జీవితకాలంలోనే మూడు భిన్నమైన ఆర్థిక వ్యవస్థలను చూశారు. కార్వేటినగరం, పుంగనూరు, కాళహస్తి వంటి జమీందారీల నీడ ఇంకా తొలగని పల్లెల్లో కొందరు పుట్టారు. ప్రణాళికలు, సహకార సంఘాలు, పర్మిట్లు, రేషన్ కార్డుల మధ్య చాలామంది చదువుకున్నారు. 1991 తర్వాత వచ్చిన మార్కెట్ కాలంలో తమ పిల్లలను ఉద్యోగాలకు పంపారు. చట్టాల గురించి, ప్రభుత్వాల గురించి పుస్తకాలు ఉన్నాయి గానీ, ఆ మార్పులు పదేళ్ల పిల్లవాడి కంచంలోకీ, బడి సంచిలోకీ ఎలా వచ్చాయో చెప్పగలిగినవారు మన ఇళ్లలోని పెద్దలే. 1938 ప్రాంతంలో పుట్టిన మా అవ్వ దగ్గర, 1955లో పుట్టిన మా నాయన దగ్గర కూర్చుని నేను రాసుకున్న అనుభవంతో ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

మొదట ఒక కాగితం మీద ప్రాంతానికి సంబంధించిన ముఖ్యమైన సంవత్సరాలను రాసి పెట్టుకోవాలి. జమీందారీలను రద్దు చేసిన మద్రాసు చట్టం 1948లో వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న ఏర్పడ్డాయి. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది; సత్యవేడు వైపు పల్లెలు మనకు వచ్చాయి. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1972-73లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమం, 1975 జనవరి 1 నుంచి భూపరిమితి చట్టం అమలు, అదే ఏడాది జూన్ 25న అత్యవసర పరిస్థితి, 1983లో తెలుగుదేశం ప్రభుత్వం, 1984లో వంశపారంపర్య గ్రామాధికారులైన కరణం, మునసబు పదవుల రద్దు, 1985లో మండలాలు, ఆ తర్వాత 1991 ఆర్థిక సంస్కరణలు. ఈ కాగితం మీ కోసం మాత్రమే. దాన్ని పెద్దల ముందు పెట్టి వరుసగా అడిగితే వారు మీకు పాఠ్యపుస్తకంలోని జవాబులే చెప్తారు.

వారి ముందు పెట్టవలసినవి ఇంట్లోని పాత కాగితాలు. ట్రంకుపెట్టెలో పట్టాదారు పాస్ పుస్తకం, ప్రభుత్వ భూమిని పేదలకు ఇచ్చిన డి.కె.టి. పట్టా, ఏ పొలంలో ఎవరు ఏం పండించారో చూపే అడంగల్ నకలు, సహకార సంఘంలో వాటా ఇచ్చిన రసీదు, చెరకు ఫ్యాక్టరీ వారి చీటీ, పాలకేంద్రం వారి కార్డు, పాత రేషన్ కార్డు, బడి మానేసినప్పుడు ఇచ్చిన టి.సి. వంటివి దొరుకుతాయి. ఒక్కొక్కటీ చేతికిచ్చి, ఇది ఎందుకు దాచావు అని అడగడం చాలు. మా అవ్వ పాలకార్డును చేతిలోకి తీసుకుని, వెన్న శాతం ఎలా కొలిచేవారో, పాల డబ్బులు తన చేతికే ఇమ్మని ఎందుకు పట్టుబట్టిందో గంటసేపు చెప్పింది. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. ప్రైవేటు డెయిరీలు అంతకు ముందే పల్లెల్లోకి వచ్చాయి. ఆ మార్పు మంచిదా చెడ్డదా అని మీరు తేల్చి అడగకూడదు. పాలు పోయడం ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ కారణంతో మార్చుకున్నారో అడిగితే, సిద్ధాంతాల మధ్య ఒక కుటుంబం చేసుకున్న ఎంపిక దానంతట అదే బయటపడుతుంది.

ప్రశ్నలు అడిగేటప్పుడు తిండి, కూలి, నీళ్లు అనే మూడింటిని పట్టుకుని సాగాలని నా గట్టి అభిప్రాయం. వారానికి ఎన్నిసార్లు అన్నం వండేవారు, సంకటి ఎన్నాళ్లు తిన్నారు అని అడగండి. ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గురించి అడిగితే మా అవ్వ రెండు మాటల్లో ముగించింది. అన్నం ఎప్పటి నుంచి రోజూ వండుతున్నారని అడిగినప్పుడు మాత్రం, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఇంటికి వచ్చిన మొదటి రోజును, చిన్న పిల్లలు పండగ అనుకుని కొత్త గుడ్డలు అడిగిన సంగతిని పూసగుచ్చినట్టు చెప్పింది. కూలి గింజల్లో ఇచ్చేవారా, రూపాయల్లోనా, ఏ సంవత్సరం నుంచి మారింది, ఆడవారికి ఎంత, మగవారికి ఎంత అన్నది తప్పక రాసుకోవాలి. ఎద్దులు లాగే తోలు బొక్కెనతో, అంటే కపిలతో నీళ్లు తోడిన బావికి కరెంటు మోటారు ఎప్పుడు వచ్చింది, దాని అప్పు బ్యాంకు ఇచ్చిందా, సొసైటీ ఇచ్చిందా, వడ్డీ వ్యాపారి ఇచ్చాడా అనే ప్రశ్నకు వచ్చే జవాబులో బ్యాంకుల జాతీయీకరణ మీ ఊరిదాకా చేరిందో లేదో తెలుస్తుంది.

రాజకీయ వాదనల గురించి అడగవలసిన సమయం దీని తర్వాతే వస్తుంది. మన ప్రాంతంలో ఆ వాదనలు ఎంత బలంగా నడిచాయో చూపడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. 1962లో చిత్తూరు లోక్‌సభ స్థానం నుంచి కాంగ్రెస్ నాయకుడు, అప్పటి సభాపతి మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గెలిచారు. ఆయన బీహార్ గవర్నరుగా వెళ్లడంతో జరిగిన ఉప ఎన్నికలో స్వతంత్ర పార్టీ అధ్యక్షుడు ఎన్.జి. రంగా గెలిచారు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ చేసిన సహకార వ్యవసాయ తీర్మానాన్ని ఎదిరించినవారే ఆ పార్టీని స్థాపించారు. అంటే భూమి ఎవరి చేతుల్లో ఉండాలన్న విషయంలో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరిని ఒకే నియోజకవర్గం వెంటవెంటనే పార్లమెంటుకు పంపింది. అప్పటికి బడికి వెళ్తున్న పిల్లలు ఇప్పుడు డెబ్బై దాటినవారు. రచ్చబండ దగ్గర తమ పెద్దలు ఏమని వాదించుకునేవారో, ఇంట్లో ఎవరి మాట నెగ్గేదో వారికి గుర్తుంటుంది. ఆలస్యం చేయకుండా అడగాలి.

ఒక ఇంటి మాటతో ఊరి కథ రాయకూడదు. భూపరిమితి చట్టం మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు అని హద్దు పెట్టింది. భూమి ఉన్న ఇంట్లో ఆ సంవత్సరం భయంగా, పంపకాలుగా గుర్తుంటుంది. భూమి లేని కాలనీలో అదే సంవత్సరం పట్టా కోసం తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగిన తిరుగుడుగా గుర్తుంటుంది. రెండు చోట్లకూ వెళ్లాలి. కాలనీకి వెళ్లినప్పుడు వారి ఇంట్లో, వారు కూర్చున్న చోటే కూర్చుని వినాలి. వారిని మీ అరుగు దగ్గరకు పిలిపించుకుంటే మీకు పాత మర్యాదలే వినిపిస్తాయి, మాట వినిపించదు. బినామీ పేర్ల సంగతి, ఎవరినో పోలీసులకు పట్టించిన సంగతి వచ్చినప్పుడు రికార్డు ఆపమంటే వెంటనే ఆపేయాలి. ఇప్పటికీ కోర్టులో ఉన్న భూతగాదా గురించి రాతలో పెట్టకపోవడమే మంచిది.

జ్ఞాపకంలోని సంవత్సరాలను కాగితాలతో సరిచూసుకోవడం తప్పనిసరి. ఎమర్జెన్సీలో తిరుపతిలో తమ కాలేజీని నెలల తరబడి మూసేశారని మా నాయన ఎన్నో ఏళ్లుగా చెప్తూ ఉండేవాడు. ఆయన డిగ్రీ సర్టిఫికెట్టు మీద 1975 ఏప్రిల్ అని ఉంది. అత్యవసర పరిస్థితి వచ్చేనాటికే ఆయన చదువు ముగిసింది. ఆయనకు గుర్తున్న మూత జై ఆంధ్ర కాలానిది. రెండు భయాలూ ఆయన మనసులో ఒకటిగా కలిసిపోయాయి. నేను ఆయన మాటను దిద్దకుండా అలాగే ఉంచి, పక్కన సర్టిఫికెట్టు సంగతిని వేరుగా రాశాను, ఎందుకంటే అలా కలిసిపోవడం కూడా ఆ తరం ఎలా బతికిందో చెప్పే సాక్ష్యమే.

రికార్డు చేయడానికి మామూలు ఫోను సరిపోతుంది. కాల్స్ రాకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపి, మడిచిన తువ్వాలు మీద ఫోనును ఉంచాలి. గంట దాటితే పెద్దలు అలసిపోతారు. అదే రోజు ఫైలుకు తేదీ, ఊరు, చెప్పినవారి వరస కలిపి పేరు పెట్టి, మూడు చోట్ల దాచుకోవాలి. రాసేటప్పుడు చెనక్కాయలను వేరుశనగలుగా, కయ్యను మాగాణిగా మార్చకూడదు. సరిహద్దు పల్లెల్లో తెలుగు మధ్యలో తమిళ మాటలు దొర్లితే వాటినీ అలాగే ఉంచాలి; 1960లో ఎటువైపు పోయారన్నది ఆ మాటల్లోనే ఉంది. సత్యవేడు వైపు వారైతే, 2008లో శ్రీసిటీ వచ్చినప్పుడు ఆ నేల మీద ఏం పండుతుండేదో కూడా అడిగి రాయండి.

రాత పూర్తయ్యాక పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి వారికి ఇవ్వాలి. చదువు రానివారికి మీరే చదివి వినిపించాలి. మా అవ్వ అంతా కళ్లు మూసుకుని విని, ఒక్క చోట చెయ్యెత్తి ఆపింది. నాట్లకు ఆడవారికి ఇచ్చే కూలి దగ్గర నేను రెండు శేర్లని రాశాను. ఒకటిన్నర అని దిద్దించి, తక్కిన పేజీలు చదవమంది.